విశాఖపట్నంలో ఇంటి ప్లాన్‌కు అనుమతి: తరచుగా అడిగే ప్రశ్నలు

మహా విశాఖ నగరపాలక సంస్థ (జీవీఎంసీ) పరిధిలో సొంత ఇల్లు కట్టుకోదలచినవారిని దృష్టిలో పెట్టుకొని ఈ ప్రశ్నలూ జవాబులూ రాస్తున్నాను. ప్లాన్లు గీసి దరఖాస్తులు పెట్టే పనిలో ఉన్నందువల్ల, ఏ దరఖాస్తు ఎక్కడ ఆగిపోతుందో దగ్గర నుంచి చూస్తూ వచ్చాను. ఆగిపోయిన వాటిలో ఎక్కువ భాగం ప్లాన్ గీతలో తప్పు వల్ల కాక, స్థలం గురించి ముందుగా తెలుసుకోవలసినవి తెలుసుకోకపోవడం వల్లనే ఆగాయి. అందుకే స్థలానికి సంబంధించిన ప్రశ్నలకు ఇక్కడ ఎక్కువ చోటు ఇచ్చాను.

అనుమతి జీవీఎంసీ దగ్గర తీసుకోవాలా, వీఎంఆర్‌డీఏ దగ్గరా?

స్థలం జీవీఎంసీ హద్దుల లోపల ఉంటే ఇంటి ప్లాన్‌కు అనుమతి ఇచ్చేది జీవీఎంసీ పట్టణ ప్రణాళిక విభాగం. వీఎంఆర్‌డీఏ, అంటే విశాఖ మహానగర ప్రాంత అభివృద్ధి సంస్థ, ప్రధానంగా మాస్టర్ ప్లాన్, లేఅవుట్లు చూస్తుంది. 1978లో ఏర్పడిన పట్టణాభివృద్ధి సంస్థ వుడాయే 2018లో వీఎంఆర్‌డీఏగా మారింది కనుక, పాత దస్తావేజుల్లో 'వుడా ఆమోదిత లేఅవుట్' అని ఉన్నంత మాత్రాన కంగారు పడనక్కరలేదు. ఆ ఎల్పీ నంబరు, అంటే లేఅవుట్‌కు ఇచ్చిన అనుమతి నంబరు, ఇప్పటికీ చెల్లుతుంది. 2005లో గాజువాక, చుట్టుపక్కల గ్రామాలు, ఆ తరువాత 2013లో భీమునిపట్నం, అనకాపల్లి నగరంలో కలిశాయి. ఈ ప్రాంతాల్లో ఇప్పటికీ కొందరు పాత పంచాయతీ కార్యదర్శి సంతకంతో ఉన్న కాగితాన్నే అనుమతిగా భావిస్తున్నారు. విలీనం తరువాతి తేదీతో అలాంటి కాగితం ఎవరైనా చూపిస్తే దానిని నమ్మి డబ్బు కట్టకండి.

స్థలం కొన్నాం, రిజిస్ట్రేషన్ అయింది. ఇక నేరుగా ప్లాన్ గీయించుకోవచ్చు కదా?

ప్లాన్ గీయించే ముందు మరొక నెల రోజులు కాగితాల మీద పెట్టండి. రిజిస్టరైన దస్తావేజు ఒక్కటే ఉంటే చాలదు. అమ్మినవారికి ఆ స్థలం ఎలా వచ్చిందో చూపే లింకు డాక్యుమెంట్లు వరుస తెగకుండా ఉండాలి, ఈసీలో (స్థలంపై జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాలు చూపే పత్రంలో) ఉన్న లావాదేవీలు ఆ వరుసతో సరిపోవాలి. దస్తావేజులోని సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు వైపుల హద్దులు నేల మీద కొలిస్తే వచ్చేవాటితో కూడా సరిపోవాలి. దస్తావేజులో 200 గజాలు ఉండి కొలతలో 188 గజాలు వస్తే, ప్లాన్ 188కే గీయాలి. మిగిలిన 12 గజాలు కాగితం మీద ఉన్నాయి కదా అని పట్టుబడితే నష్టపోయేది యజమానే. ఆ 12 గజాలు పక్కవారి గోడ అవతల ఉంటే, పునాది తీసిన తరువాత వచ్చే తగాదా కన్నా ముందే సర్వేయరును తీసుకెళ్ళి ఇద్దరి సమక్షంలో కొలిపించడం ఎంతో మేలు.

తరువాత చూడవలసింది రిజిస్ట్రేషన్ చట్టం 22ఏ నిషేధిత జాబితా. ప్రభుత్వ భూములు, దేవాదాయ భూములు, ప్రభుత్వం పేదలకు అసైన్ చేసిన భూములు ఇందులో ఉంటాయి. అసైన్డ్ భూముల బదిలీని 1977 నాటి చట్టం నిషేధించింది కనుక, ఆ చట్టానికి విరుద్ధంగా చేతులు మారిన అసైన్డ్ స్థలంలో ఇంటికి దరఖాస్తు పెడితే యాజమాన్యం దగ్గరే ఆగిపోతుంది. నగరంలోని పాత ప్రాంతాల్లో పట్టణ భూ గరిష్ఠ పరిమితి చట్టానికి సంబంధించిన కాగితాలు కూడా అడుగుతారు. 1976 నాటి ఆ చట్టం మన రాష్ట్రంలో 2008లో రద్దయినా, అంతకు ముందే మిగులు భూమిగా ప్రభుత్వం స్వాధీనం చేసుకున్న ముక్కలు ప్రభుత్వానివిగానే ఉండిపోయాయి. ఒకప్పుడు వ్యవసాయ భూమి అయి ఉంటే, దానిని వ్యవసాయేతర భూమిగా మార్చిన ఉత్తర్వు ఉంటే భద్రంగా ఉంచుకోవాలి. ఖాళీ స్థలం పన్ను బకాయిలు లేకుండా కట్టి, రసీదు దగ్గర పెట్టుకోవాలి.

మా స్థలం అడవివరంలో ఉంది. సింహాచలం దేవస్థానం భూమి అంటున్నారు. ఏం చేయాలి?

అడవివరం, వేపగుంట, పురుషోత్తపురం, వెంకటాపురం, చీమలాపల్లి గ్రామాలను కలిపి పంచగ్రామాలు అంటారు. ఇక్కడి భూములపై దేవస్థానానికీ నివాసితులకూ మధ్య నడుస్తున్న వివాదం ఈనాటిది కాదు. తరతరాలుగా అక్కడే ఉంటూ, పిల్లల పెళ్ళికి ఒక గది వేసుకోవడానికి కూడా అనుమతి దొరకని కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. వారి కష్టం నిజమైనది. అయినప్పటికీ, మీ సర్వే నంబరు దేవస్థానం భూముల్లో ఉంటే, కేసు తేలేవరకు జీవీఎంసీలో దరఖాస్తు పెట్టి లాభం లేదు. ఈ గ్రామాల్లోని ప్రతి గజమూ వివాదంలో లేదు కాబట్టి, ఇరుగుపొరుగు మాట మీద ఆధారపడకుండా మీ సర్వే నంబరు, సబ్‌డివిజన్ నంబరు పట్టుకొని రిజిస్ట్రార్ కార్యాలయంలో నిర్ధారించుకోండి. కొనదలచినవారు బయానా ఇవ్వక ముందే ఈ పని చేయాలి.

అనుమతి లేని లేఅవుట్‌లో ప్లాటు కొన్నాం. ఇల్లు కట్టుకోవచ్చా?

ముందు ప్లాటును క్రమబద్ధీకరించుకోవాలి. ప్రభుత్వం అప్పుడప్పుడు తెచ్చే లేఅవుట్ క్రమబద్ధీకరణ పథకం, అంటే ఎల్‌ఆర్‌ఎస్, ఇందుకోసమే ఉంది. ఆమోదం పొందిన లేఅవుట్‌లో పార్కుకూ ఇతర ఖాళీకీ వదలవలసిన భూమిని మీ లేఅవుట్ వేసినవారు వదలలేదు కనుక, ఆ లోటుకు భూమి విలువలో కొంత శాతాన్ని ఇప్పుడు ప్లాటు యజమాని కట్టవలసి వస్తుంది. గజం ధర తక్కువని సంతోషించి కొన్నవారు ఈ రుసుమును కూడా లెక్కలో కలుపుకోవాలి. పార్కుకు, రోడ్డుకు చూపిన స్థలాన్నే ప్లాటుగా మార్చి అమ్మి ఉంటే మాత్రం అది ఏ పథకంలోనూ క్రమబద్ధం కాదు.

స్థలం పక్కన గెడ్డ (వాన నీరు పారే వాగు) ఉంది. ఎంత దూరం వదలాలి?

2017 మార్చి 28న వచ్చిన 119వ నంబరు జీవోతో అమలులోకి వచ్చిన ఆంధ్రప్రదేశ్ భవన నిర్మాణ నియమాలే నేటికీ అనుమతులకు మూలం. తరువాత వీటికి సవరణలు జరిగాయి కనుక, దరఖాస్తు పెట్టేనాటికి ఉన్న రూపాన్ని చూసుకోవాలి. నీటి వనరుల దగ్గర వదలవలసిన ఖాళీలు అందులో స్పష్టంగా ఉన్నాయి. పది హెక్టార్లు లేదా అంతకు మించిన చెరువు హద్దు నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్న చెరువులు, కుంటల నుంచి 9 మీటర్లు, పది మీటర్ల వెడల్పు వరకు ఉన్న కాలువ, వర్షపు నీటి నాలా హద్దు నుంచి 2 మీటర్లు వదలాలి. ఈ దూరాన్ని కొలిచేది నీరు పారుతున్న చోటు నుంచి కాదు, రికార్డులోని గెడ్డ హద్దు నుంచి. వేసవిలో చూసి గెడ్డ సన్నగా ఉందనుకొని కొన్న స్థలంలో, రికార్డు వెడల్పు తీసి చూస్తే ఇంటికి చోటే మిగలని సందర్భాలు ఉన్నాయి. కొండల నుంచి సముద్రానికి కొద్ది మైళ్ళలోనే దిగే గెడ్డలు మనవి. ఒక గంట గట్టి వాన పడితే వాటి వేగం ఎలా ఉంటుందో ఊరివారందరికీ తెలిసినదే. ఆ రెండు మీటర్లను కాగితం మీదే చూపి గోడను గెడ్డలోకి జరిపితే నీరు మీ ఇంట్లోకో, ఎదుటివారి ఇంట్లోకో రాక తప్పదు.

కొండవాలు స్థలాలకూ ఇంతే జాగ్రత్త కావాలి. వాలును తొలిచి చదును చేసే ముందు రక్షణ గోడ డిజైను స్ట్రక్చరల్ ఇంజనీరు చేత చేయించాలి. ఆ గోడకు నీరు బయటకు పోయే రంధ్రాలు లేకపోతే, వానకు నానిన మట్టి బరువుకు అది నిలబడదు.

సముద్రానికి దగ్గరగా ఉన్న స్థలానికి వేరే అనుమతి కావాలా?

సముద్రపు పోటు గీత నుంచి 500 మీటర్ల లోపు ఉంటే తీర ప్రాంత నియంత్రణ మండలం నిబంధనలు, అంటే సీఆర్‌జెడ్, వర్తిస్తాయి. ఆటుపోట్లు తగిలే ఉప్పుటేర్ల ఒడ్డునా ఇవి వర్తిస్తాయి. నగరంలో ఇప్పటికే కట్టడాలతో నిండిన భాగాన్ని రెండో శ్రేణిగా పరిగణిస్తారు. అక్కడ, ఉన్న రోడ్డుకు గానీ ఉన్న అధీకృత కట్టడాలకు గానీ భూమి వైపున మాత్రమే నిర్మాణం అనుమతిస్తారు. సముద్రం వైపున కుదరదు. రుషికొండ నుంచి భీమిలి వరకు స్థలాలు చూస్తున్నవారు, సీఆర్‌జెడ్ పటంలో తమ సర్వే నంబరు ఏ శ్రేణిలో ఉందో చూడకుండా అడ్వాన్సు ఇవ్వవద్దు.

నౌకాదళం నుంచి నిరభ్యంతర పత్రం ఎప్పుడు కావాలి?

ఇది మన ఊరికి ప్రత్యేకమైన ప్రశ్న. విశాఖ విమానాశ్రయం ఉన్న ఐఎన్ఎస్ డేగా స్థావరం నౌకాదళానిది కనుక, దాని చుట్టూ భవనాల ఎత్తు విషయంలో అభ్యంతరం ఉందో లేదో చెప్పవలసింది నౌకాదళమే. ఇతర నౌకాదళ స్థావరాల ప్రహరీలకు దగ్గరగా కట్టేవాటికి కూడా రక్షణ శాఖ ఆంక్షలు ఉన్నాయి.

ఇందులో చాలామంది పొరబడే విషయం ఒకటి ఉంది. విమానాశ్రయం చుట్టూ అనుమతించే ఎత్తును సముద్ర మట్టం నుంచి లెక్కిస్తారు. మీ నేల నుంచి కాదు. కొండ పాదాన ఎత్తైన స్థలంలో రెండంతస్తులు కట్టేవారికి, పల్లంలో నాలుగంతస్తులు కట్టేవారికన్నా ముందు ఆ పరిమితి అడ్డు రావచ్చు. కాబట్టి సముద్ర మట్టం నుంచి స్థలం ఎత్తు ఎంతో సర్వే చేయించి దరఖాస్తులో చూపాలి. ఇంటి మీద పెట్టే నీళ్ళ ట్యాంకు, మెట్ల గది, యాంటెన్నా కూడా ఈ లెక్కలోకి వస్తాయి.

ఇంటి చుట్టూ ఎంత ఖాళీ వదలాలి?

దీనికి అందరికీ ఒకే అంకె లేదు. స్థలం విస్తీర్ణం, భవనం ఎత్తు, ముందున్న రోడ్డు వెడల్పు ఈ మూడింటిని బట్టి వదలవలసిన ఖాళీ మారుతుంది. రోడ్డు వెడల్పైన కొద్దీ ముందు వైపు ఎక్కువ వదలాలి. ఎత్తు పెరిగిన కొద్దీ పక్కలకు ఎక్కువ వదలాలి. నియమాలు మీటర్లలో ఉంటాయి. మన లెక్కలు గజాల్లో, సెంట్లలో ఉంటాయి. ఒక చదరపు మీటరు దాదాపు 1.196 గజాలు, సెంటు 48.4 గజాలు. అంటే అయిదు సెంట్లు 242 గజాలు, దాదాపు 202 చదరపు మీటర్లు. పట్టికలో 200 చదరపు మీటర్ల దగ్గర గీత మారుతుంది కనుక, అయిదు సెంట్ల స్థలం ఆ గీతకు కొద్దిగా అవతల పడుతుందని గమనించాలి.

ముప్పై అడుగుల వెడల్పు, అరవై అడుగుల లోతు ఉన్న 200 గజాల స్థలాన్ని తీసుకోండి. రెండు పక్కలా మీటరు చొప్పున వదలవలసి వస్తే, కట్టుకోవడానికి మిగిలే వెడల్పు 23 అడుగులకు కొద్దిగా పైన. గోడల మందం పోతే రెండు పెద్ద పడకగదులు పక్కపక్కన పట్టవు. ఇంటి బొమ్మను ముందు మనసులో కట్టుకొని దానిలోకి ఖాళీని ఇరికించడం కాక, ఖాళీలు వదిలిన తరువాత మిగిలిన దీర్ఘచతురస్రంలో ఇంటిని ఆలోచించడం సరైన పద్ధతి. పక్క ఖాళీ మీదికి ప్లాన్‌లో లేని మెట్లు, గదులు వేస్తే అవన్నీ ఉల్లంఘనలే అవుతాయి.

మా వీధి ముప్పై అడుగులే. మాస్టర్ ప్లాన్‌లో నలభై అడుగులు అంటున్నారు. ఎవరి స్థలం పోతుంది?

సాధారణంగా వీధి మధ్య గీత నుంచి రెండు వైపులా సమానంగా లెక్కిస్తారు. అంటే మీ వైపు అయిదు అడుగులు వదలాలి. ముందు వైపు వదలవలసిన ఖాళీని ఆ కొత్త గీత నుంచి కొలుస్తారు. ఈ అయిదు అడుగులను కార్పొరేషన్‌కు ఉచితంగా రాసివ్వవలసి ఉంటుంది. దానికి బదులుగా బదిలీ చేసుకోదగిన అభివృద్ధి హక్కుల బాండు, అంటే టీడీఆర్, అడగవచ్చు. అడగకుండా అది దానంతట రాదు. కొనేముందే వీఎంఆర్‌డీఏ మాస్టర్ ప్లాన్ 2041లో మీ సర్వే నంబరు మీదుగా కొత్త రోడ్డు ప్రతిపాదన ఉందేమో చూడండి. సిరిపురంలోని ఉద్యోగ భవన్‌లో ఉన్న వీఎంఆర్‌డీఏ కార్యాలయంలో భూ వినియోగ ధ్రువపత్రానికి దరఖాస్తు చేస్తే, ఆ స్థలం నివాస మండలంలో ఉందా లేదా అన్నది కూడా తెలుస్తుంది.

దరఖాస్తు ఎలా పెట్టాలి? ఆఫీసు చుట్టూ తిరగాలా?

దరఖాస్తు అంతా ఆన్‌లైన్‌లోనే. లైసెన్సు ఉన్న సాంకేతిక నిపుణుడు, అంటే ఎల్‌టీపీ, ప్లాన్ గీసి, మీ పత్రాలతో పాటు పోర్టల్‌లో అప్‌లోడ్ చేస్తారు. ప్లాన్ నియమాలకు సరిపోతోందో లేదో సాఫ్ట్‌వేరే ముందుగా పరిశీలిస్తుంది. 2025లో ప్రభుత్వం స్వయం ధ్రువీకరణ పథకం తెచ్చింది. దాని ప్రకారం 18 మీటర్ల లోపు నివాస భవనాలకు యజమాని, ఎల్‌టీపీ ఇచ్చే హామీ మీదే అనుమతి లభిస్తుంది. ఇది నిజంగా మేలైన మార్పు. అయితే దీనివల్ల యజమాని బాధ్యత పెరిగిందన్న సంగతి మరువకూడదు. ఇదివరకు ప్లాన్‌లో తప్పుంటే కట్టకముందే అధికారి ఆపేవారు. ఇప్పుడు కట్టిన తరువాత తనిఖీలో బయటపడితే, తప్పుడు హామీ ఇచ్చిన నేరం మీ సంతకం మీద ఉంటుంది. అందుకే ఎల్‌టీపీ లైసెన్సు అమలులో ఉందో లేదో చూసుకోండి. పోర్టల్‌లో మీ సొంత ఫోను నంబరే ఇవ్వండి. అప్‌లోడ్ చేసిన ప్రతి కాగితం నకలు తీసుకోండి. వేరొకరి ఫోను నంబరు ఇచ్చినందువల్ల, పత్రాలు తక్కువయ్యాయన్న సందేశం యజమానికి చేరక నెలలు గడిచిపోవడం చూశాను.

సందేహాలుంటే వార్డు సచివాలయంలోని ప్రణాళిక, నియంత్రణ కార్యదర్శిని మొదట కలవండి.

ఫీజులు ఎంత అవుతాయి?

పర్మిట్ ఫీజు, అభివృద్ధి రుసుములు, ఖాళీ స్థలం పన్ను, వీటితో పాటు నిర్మాణ వ్యయంలో 1 శాతం భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ సెస్సు ప్రధానమైనవి. మొత్తం ఎంతో పోర్టలే లెక్కకట్టి చూపుతుంది. ఆ మొత్తాన్ని పోర్టల్ ద్వారానే కట్టి రసీదు దించుకోండి. చేతికి నగదు ఇమ్మని ఎవరు అడిగినా ఇవ్వకండి.

పది శాతం తాకట్టు అంటే ఏమిటి?

పెద్ద భవనాలు, అపార్ట్‌మెంట్ల విషయంలో, నిర్మాణ విస్తీర్ణంలో 10 శాతాన్ని హామీగా కార్పొరేషన్ పేరిట ఉంచుతారు. ప్లాన్ ప్రకారం కట్టి ఓసీ, అంటే నివాసయోగ్యతా పత్రం, తీసుకున్నాక విడుదల చేస్తారు. చిన్న సొంత ఇళ్ళకు దీని నుంచి మినహాయింపు ఉంది. ఫ్లాటు కొనేవారు తాము కొంటున్నది తాకట్టులో ఉన్న ఫ్లాటేమో తప్పక అడగాలి. స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, ఫ్లాట్లు ఎనిమిదికి మించినా ఆ ప్రాజెక్టుకు రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నమోదు కూడా ఉండాలి.

అనుమతి వచ్చాక సిద్ధాంతి గారు మెట్లు మార్చమన్నారు. మార్చవచ్చా?

సిద్ధాంతి గారిని ప్లాన్ గీసేటప్పుడే సంప్రదించండి. దర్వాజా ఎటు, వంటగది ఎటు, ఈశాన్యంలో ఎంత ఖాళీ, బోరు ఎక్కడ అన్నవన్నీ అప్పుడే తేల్చుకుంటే ఏ ఇబ్బందీ రాదు. లోపలి గోడ కొంచెం జరపడం పెద్ద విషయం కాకపోవచ్చు. అయితే బయటి మెట్లను పక్క ఖాళీలోకి జరిపినా, ఇల్లు ఒక వైపు ముందుకు వచ్చినా సవరించిన ప్లాన్‌కు మళ్ళీ అనుమతి తీసుకోవాలి. మేస్త్రి మాట మీద పని కానిచ్చేసి తరువాత చూద్దామనుకోవడం వల్లనే ఓసీలు ఎక్కువగా ఆగుతున్నాయి. బోరుకు కూడా 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం వేరే అనుమతి కావాలి.

స్ట్రక్చరల్ ఇంజనీరు సంతకం నామమాత్రమేనా?

కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను ఈ ఊరి మీద తీరం దాటిన రోజు ఇక్కడ ఉన్నవారెవరూ ఆ మాట అనరు. భారతీయ ప్రమాణాల్లో విశాఖపట్నానికి గాలి వేగాన్ని సెకనుకు 50 మీటర్లుగా, అంటే గంటకు 180 కిలోమీటర్లుగా తీసుకొని డిజైను చేయమని ఉంది. పక్క ఇంటి స్తంభాల కొలతలను చూసి అవే వేయించడం, ఇంజనీరు సంతకాన్ని మాత్రం కొనడం ప్రాణాలతో చెలగాటం. ఉప్పుగాలి ఇనుమును తినేస్తుంది కనుక, చువ్వల చుట్టూ ఉండవలసిన కాంక్రీటు పొర తగ్గకుండా స్లాబు వేసే రోజున మీరే దగ్గరుండి చూడండి.

పని జరుగుతుండగా నోటీసు వచ్చింది. ఏం చేయాలి?

మొదట పని ఆపండి. 452, 461 సెక్షన్ల కింద వచ్చే నోటీసులు 1955 నాటి మునిసిపల్ కార్పొరేషన్ల చట్టం ప్రకారం ఇచ్చేవి. అందులో ఇచ్చిన గడువులోగా, అనుమతి పత్రం, ప్లాన్, ప్రస్తుత కొలతల ఫోటోలు జతచేసి రాతపూర్వకంగా సమాధానం ఇచ్చి రసీదు తీసుకోవాలి. సమాధానం ఇవ్వకపోతే తొలగింపు ఉత్తర్వు వస్తుంది. నోటీసును పట్టించుకోకుండా రాత్రిపూట స్లాబు వేసినవారికి ఆ తరువాత కోర్టులో చెప్పుకోవడానికి మంచి మాట మిగలదు.

అనుమతి లేకుండా కట్టేసి, తరువాత అక్రమ కట్టడాల క్రమబద్ధీకరణ పథకం బీపీఎస్‌లో సరిచేయించుకోవచ్చు కదా?

ఆ పథకం ఎప్పుడు వచ్చినా ఒక గడువు తేదీతో వస్తుంది. ఆ తేదీకి ముందు కట్టినవాటికే వర్తిస్తుంది. రాబోయే పథకం మీద ఆశతో ఇప్పుడు అంతస్తు లేపినవారికి అది హక్కు కాదు. ఈలోగా, పూర్తిగా అనుమతి లేని కట్టడానికి ఆస్తి పన్ను మీద నూటికి నూరు శాతం జరిమానా ఏటా పడుతుంది. ఆ పన్ను కడుతున్నంత మాత్రాన కట్టడం సక్రమమైపోదు. పాత ఇంటి మీద పై అంతస్తు వేయదలచినా కొత్త అనుమతి, పునాది బలంపై ఇంజనీరు ధ్రువీకరణ రెండూ కావాలి.

అగ్నిమాపక శాఖ అనుమతి ఎవరికి అవసరం?

నివాస భవనం 18 మీటర్లు, వాణిజ్య భవనం 15 మీటర్లు ఎత్తుకు చేరితే అవసరం. సాధారణ రెండు మూడు అంతస్తుల ఇళ్ళకు అక్కరలేదు.

అనుమతి ఎంతకాలం చెల్లుతుంది?

మామూలు భవనాలకు మూడు సంవత్సరాలు, ఎత్తైన భవనాలకు అయిదు సంవత్సరాలు. పని ఎప్పటిలోగా మొదలుపెట్టాలో మీ ఉత్తర్వులోనే ఉంటుంది. బ్యాంకు రుణం ఆలస్యమై గడువు దగ్గర పడితే, అది ముగియక ముందే పొడిగింపుకు దరఖాస్తు చేయండి.

ఇల్లు పూర్తయింది. ఓసీ తీసుకోకపోతే ఏమవుతుంది?

ఓసీ లేకుండా ఇల్లు చట్టం దృష్టిలో పూర్తయినట్టు కాదు. 2024 డిసెంబరు 17న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో, ఓసీ చూశాకే శాశ్వత విద్యుత్తు, నీటి కనెక్షన్లు ఇవ్వాలని, బ్యాంకులు కూడా దానిని పరిశీలించాకే కట్టడం మీద రుణం ఇవ్వాలని ఆదేశించింది. ఈపీడీసీఎల్ మీటరుకు దరఖాస్తు పెట్టినా, రేపు ఇల్లు అమ్మదలచినా ఈ కాగితమే అడుగుతారు. ప్లాన్ ప్రకారం పూర్తి చేసినట్టు ఎల్‌టీపీ ధ్రువీకరణ, నాలుగు వైపుల ఫోటోలు, ఇంకుడు గుంత ఫోటో జతచేసి దరఖాస్తు చేయాలి. పరంజా కర్రలు విప్పకముందే మేస్త్రితో చుట్టూ ఖాళీలను టేపుతో కొలిపించండి. అడుగు తేడా ఉన్నా సరిచేసుకోవడానికి అప్పటికి వీలుంటుంది.

శ్రావణంలో గృహప్రవేశం పెట్టుకున్నాం. ఓసీ ఇంకా రాలేదు. ఏం చేయాలి?

ముహూర్తం పెట్టించుకునే ముందే ఓసీకి పట్టే రోజులను లెక్కలో వేసుకోవాలి. రంగులు, విద్యుత్తు పనులు ముగిసిన రోజు నుంచి కనీసం నెలన్నర వ్యవధి ఉంచుకొని తేదీలు చూడమని సిద్ధాంతి గారికి చెప్పండి. శుభలేఖలు పంచేసిన తరువాత ఈ ప్రశ్న వస్తే, ముహూర్తానికి పూజ చేసుకొని పాలు పొంగించుకోండి. సామాను మాత్రం అద్దె ఇంట్లోనే ఉంచి, ఓసీ చేతికి వచ్చాక కాపురం మార్చండి.